మూడు సీసాల వెంట దివిసీమ దాకా

విజయవాడ వెళ్ళొచ్చానని చెప్పగానే మావాళ్ళు అడిగిన మొదటి మాట అమ్మవారి దర్శనం బాగా జరిగిందా అని. జరగలేదు. కొండ కిందుగా మూడుసార్లు ఆటోలో వెళ్ళాను. మూడుసార్లూ ఒళ్ళో ఐసు పెట్టె ఉంది. దానితో మెట్లెక్కడానికి నాకే మనసొప్పలేదు. పెట్టెలో ఏముందో చెబితే ఆటో అబ్బాయి కూడా దించేసేవాడేమో.

నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పాథాలజీ విభాగంలో పనిచేస్తాను. జబ్బు పడ్డ ఒంట్లోంచి తీసిన ముక్కలనో, నీళ్ళనో చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పడం మా పని. ఇరవై నాలుగేళ్ళు క్యాన్సరు కణితుల ముక్కలు పలచగా కోసి, రంగులు వేసి, వాటిలో ఏ ప్రోటీను పెరిగింది, ఏ జన్యువు దారి తప్పింది అని వెతికాను. ఆ గుర్తులు దొరికితే ఏ మందు పనిచేస్తుందో డాక్టర్లకు తెలుస్తుంది. నాలుగేళ్ళ కిందట నన్ను కిడ్నీల వైపు మార్చారు. అక్కడా అదే వెతుకులాట, కాకపోతే ముక్కలకు బదులు మూత్రం. మా పనిలో మంచి కబురంటే ఏమీ కనబడకపోవడమే. అటువంటి ఉద్యోగం ఇన్నేళ్ళు చేసిన మనిషికి ఊళ్ళు తిరగాలన్న హుషారు ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

అయినా వెళ్ళాల్సి వచ్చింది. కిడ్నీ లోపలి సన్న గొట్టాలకు దెబ్బ తగలగానే ఒక ప్రోటీను మూత్రంలోకి వచ్చేస్తుంది. మామూలు రక్త పరీక్షలో తేడా కనబడటానికి చాలా ముందే ఇది కనబడుతుంది. అప్పుడే పట్టుకుంటే కిడ్నీని కాపాడుకోవచ్చు. పట్టుకోకపోతే కొన్నేళ్ళకు డయాలసిస్ మంచం తప్పదు. ఇలా ముందుగా పట్టుకోవడానికి రెండేళ్ళుగా కొన్ని ఊళ్ళలో ఒక ప్రాజెక్టు నడుపుతున్నాం. జులైలో ఇబ్రహీంపట్నం, మైలవరం మధ్య ఊళ్ళ నుంచి మాకు కొన్ని మూత్రం సీసాలు వచ్చాయి. వాటిలో మూడింటిలో ఈ ప్రోటీను బాగా ఎక్కువగా ఉంది. ముగ్గురూ ఆడవాళ్ళు, ముగ్గురూ నలభై దాటినవాళ్ళు కారు. వాళ్ళకు జబ్బు లక్షణాలేవీ ఉండవు కాబట్టి, మనం వెళ్ళి చెబితే తప్ప వాళ్ళకు తెలియదు. ఉత్తరం రాసి ఊరుకునే విషయం కాదు, స్వయంగా వెళ్ళి మళ్ళీ పరీక్ష చేసి, నిజమైతే ఆసుపత్రికి పంపి రమ్మని మా పెద్దసారు అన్నారు. విభాగంలో సంసారం బాదరబందీ లేని మనిషిని నేనొక్కదాన్నేనని ఆయన ఉద్దేశం. నా మోకాళ్ళ సంగతి ఆయనకు తెలియదు.

బెజవాడలో దిగడం

ఆగస్టు చివరి వారం. బస్సు దిగేసరికి పొద్దున్న ఏడు కూడా కాలేదు, చీర ఒంటికి అతుక్కుపోయింది. మాది నిజామాబాదు వైపు. మా దగ్గర ఎండంటే ఎండే, నీడలోకి వెళితే తప్పించుకోవచ్చు. ఇక్కడి ఉక్క నీడలోకి కూడా మన వెంటే వస్తుంది. బస్టాండు ఎదుట ఒక టిఫిను హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. అరవై రూపాయలు. అట్టు లోపల ఉప్మా ఏమిటని మావాళ్ళు నవ్వుతారు గానీ, అల్లం పచ్చడితో తింటే నవ్వు ఆగిపోతుంది. వడ్డించే ఆయన "ఇంకో అట్టు వేయమంటారా అండీ, చిన్నదేనండీ, తినేయొచ్చండీ" అని మూడు అండీలు కలిపి అడిగాడు. మా ఊళ్ళో అయితే ఇంకోటి వెయ్యాల్నా అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంత మర్యాదగా అడిగితే వద్దనలేక రెండోది కూడా తిని, రోజంతా ఆయాసపడ్డాను.

ఎస్తేరు అక్కడికే వచ్చి నన్ను కలుసుకుంది. ఆమె మా ప్రాజెక్టుకు ఆ ఊళ్ళలో ఫీల్డు వర్కరు. కాంట్రాక్టు మీద పెట్టుకున్నాం. ఇల్లిల్లూ తిరిగి, మనుషులకు నచ్చజెప్పి, పొద్దున్నే మొదటి మూత్రం సీసాలో పట్టించి, పేరూ ఊరూ రాసి, మా బండి వచ్చేసరికి ఐసు పెట్టెలో సర్ది ఉంచడం ఆమె పని. నలభై నాలుగేళ్ళుంటాయి. బక్కపలచటి మనిషి. మెడలో నల్లతాడుకు చిన్న సిలువ, చేతిలో గొడుగు, భుజానికి రెండు సంచులు. ఫోన్లో రెండేళ్ళుగా మాట్లాడుతున్నాం గానీ మనిషిని చూడటం అదే మొదలు. టీ తాగుదామంటే వద్దంది. మంచినీళ్ళు ఇవ్వబోతే అవీ వద్దంది. దారిలో ఆడవాళ్ళు పక్కకు వెళ్ళడానికి చోటుండదని, పొద్దున్న బయల్దేరితే సాయంత్రం ఇంటికెళ్ళాకే నీళ్ళు తాగుతానని చెప్పింది.

ముగ్గురి పేర్లూ చదివి వినిపించాను. రమణమ్మ, ధనలక్ష్మి, కోటేశ్వరమ్మ. మళ్ళీ పరీక్ష చెయ్యాలని మాత్రమే చెప్పాను. రిజల్టు సంగతి ముందుగా ఫీల్డు వర్కర్లకు చెప్పకూడదని మాకొక నియమం. ఆమె గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఈ ముగ్గురే ఎందుకండీ అని అడిగింది. పైవాళ్ళు రాసిచ్చారని చెప్పి తప్పించుకున్నాను.

ఇబ్రహీంపట్నం పక్కన

రమణమ్మ వాళ్ళ ఊరికి ఇబ్రహీంపట్నంలో దిగి షేరాటో ఎక్కాలి. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఊరి నుంచి కనబడుతూనే ఉంటాయి. అక్కడివాళ్ళు దారి చెప్పేటప్పుడు కూడా వాటినే గుర్తుగా చెబుతారు, గొట్టాలకు ఇవతల, గొట్టాలకు అవతల అని. షేరాటోలో తొమ్మిదిమందిమి. ఐసు పెట్టె చూసి పక్కనున్న పెద్దావిడ చేపలా అమ్మా, కిలో ఎంతకిచ్చారు అని అడిగింది. చేపలు కావన్నాను. రొయ్యలైతే ఇంకా రేటెక్కువలే అని తనే సమాధానం చెప్పుకుని, దిగేదాకా పెట్టె వంక ఆశగా చూస్తూనే ఉంది.

రమణమ్మ టైలరింగు చేస్తుంది. మేం వెళ్ళేసరికి స్కూలు యూనిఫాంలు కుడుతోంది. మిషను ఆపకుండానే కుర్చీలు చూపించింది, లోపలి నుంచి మజ్జిగ తెప్పించింది. పోయిన నెల సీసా ఇచ్చినప్పుడు జ్వరం గానీ, ఏమైనా మందులు గానీ ఉన్నాయా అని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా ఎస్తేరు వైపు చూసింది. ఏమీ లేవండీ అప్పుడు, బాగానే ఉంది అని ఎస్తేరే చెప్పింది. ఆమెను చెప్పనివ్వండి అన్నాను. బాగానే ఉన్నానండీ అని రమణమ్మ అదే మాట అప్పజెప్పింది.

మేం వెంట తెచ్చుకున్నది చిన్న పరీక్ష పట్టీ. మూత్రం చుక్క వేసి పదిహేను నిమిషాలు ఆగాలి. రెండో గీత పడితే ఆ ప్రోటీను ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. వేశాను. పదిహేను నిమిషాలు కాదు, అరగంట ఆగాను. పడలేదు. ఇంకో పట్టీ తీసి వేశాను. పడలేదు.

ఒక్కోసారి దెబ్బ తగిలిన కిడ్నీ దానంతటది కోలుకుంటుంది. అందుకని సంతోషించాలి. కానీ అంత ఎక్కువగా కనబడింది నెలలో మచ్చుకైనా లేకుండా పోవడం నాకు అంతుబట్టలేదు. పట్టీలు ఉక్కకు పాడైపోయాయేమోనని భయం పట్టుకుంది. రమణమ్మ మాత్రం ఏమీ లేదంటే పొంగిపోయి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మైలవరం దారిలో

రెండో రోజు మైలవరం. విజయవాడ నుంచి అటు వెళ్ళేకొద్దీ నేల ఎత్తవుతుంది, పచ్చదనం తగ్గుతుంది, నాకు ప్రాణం లేచొస్తుంది. మా వైపు నేలలాగే ఉంటుంది. పత్తి చేలు, మామిడి తోటలు, మధ్యలో ఎర్రటి బాట. మైలవరం సెంటర్లో బండి మీద పునుగులు తిన్నాం. ప్లేటు ముప్పై. నేను తిన్నాను, ఎస్తేరు చూసింది అనడం సబబు. తను రెండు పునుగులు నోట్లో వేసుకుని, సంచిలోంచి ఒక బిళ్ళ తీసి చుక్క నీళ్ళతో మింగింది.

ధనలక్ష్మి వాళ్ళ ఊరు అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు. ఆటోలు లేవు, నడిచాం. దారిలో చిన్న వాగు దాటేచోట రాయి మీద కాలు జారి కూలబడ్డాను. కళ్ళజోడు ఎగిరి నీళ్ళలో పడింది. ఎస్తేరు చీర ఎగ్గట్టుకుని దిగి, పాదాలతో తడిమి తడిమి దాన్ని వెతికి తెచ్చింది. ఒక పుల్ల వంకర పోయింది. తిరిగొచ్చేదాకా ఆ వంకర కళ్ళజోడుతోనే కృష్ణా జిల్లా అంతా చూశాను, కొంచెం పక్కకు ఒరిగినట్టుగా. మోకాలు వాచింది. ఎస్తేరు తన సంచిలోంచి బిళ్ళల అట్ట తీసి ఒకటి నాకిచ్చింది. తనకూ మోకాళ్ళ నొప్పులేనట. ఊరి డాక్టరు ఇస్తాడని, రోజూ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేసుకోకపోతే అడుగు పడదని, మూడేళ్ళుగా ఇదే తన పెట్రోలని నవ్వుతూ చెప్పింది. అది ఏ బిళ్ళో నాకు తెలుసు. రోజూ వేసుకోవాల్సింది కాదనీ తెలుసు. కానీ అప్పుడు నా మోకాలు నన్ను మాట్లాడనివ్వలేదు. బిళ్ళ మింగి, ఆమె భుజం పట్టుకుని నడిచాను.

ధనలక్ష్మి వాళ్ళది నాలుగెకరాల పత్తి. అత్తగారు అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మేం వచ్చిన పని చెప్పగానే, జులై ఆఖర్లో కోడలు ఊళ్ళో లేదు గదే, తమ్ముడి పెళ్ళి పనులకు వెళ్ళింది గదే అని ఆవిడ ఎస్తేరుతో అంది. ధనలక్ష్మి లోపలి నుంచి గబగబా వచ్చి, అది వేరే వారమత్తయ్యా, నేను సీసా ఇచ్చే వెళ్ళాను అంది. అత్తగారు నోరు తెరవబోయి కోడలి మొహం చూసి మళ్ళీ వెల్లుల్లి అందుకుంది. నాకు అప్పుడైనా వెలగాలి. వెలగలేదు. అత్తాకోడళ్ళ మధ్య ఏదో ఉంటుందిలే అనుకున్నాను.

అన్నం తిని వెళ్ళాలని పట్టుబట్టారు. ఈ వైపు ఇళ్ళలో భోజనం వద్దనడం ఎవరివల్లా కాదు. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, చివర గడ్డపెరుగు. మా ఇళ్ళల్లో చుట్టానికి ఏదున్నా ఒకసారే వడ్డించి తినమంటారు. ఇక్కడ విస్తరి ఖాళీ కనబడితే గృహస్థుకు అవమానం. నేను తింటుండగా ధనలక్ష్మి ఎస్తేరుకు నెయ్యి వేస్తూ, తన మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఈ అక్కే రాత్రికి రాత్రి ఆసుపత్రిలో చేర్పించిందని, ఆమె మాట ఈ ఊళ్ళో ఎవరూ తీసెయ్యరని నాతో చెప్పింది. ఎస్తేరు తల వంచుకుని అన్నం కలుపుకుంటూ కూర్చుంది.

భోజనాలయ్యాక పట్టీ వేశాను. గీత పడలేదు.

ఆ సాయంత్రం లాడ్జిలో కూర్చుని పెద్దసారుకు ఫోను చేశాను. పట్టీలు పనిచెయ్యడం లేదని నా అనుమానం చెప్పాను. బయల్దేరే ముందే పరీక్షించి పంపాం, పట్టీల తప్పు కాదు, మూడో ఆమెను చూసి రా అన్నారాయన. మూడో ఆమె, అంటే కోటేశ్వరమ్మ, దివిసీమలో అక్కగారి ఊళ్ళో నాట్లకు వెళ్ళిందని ఎస్తేరు మొదటిరోజే చెప్పింది. ఆమె ఫోను కలవదని, పొలాల్లో ఎక్కడని వెతుకుతామని, ఆమె తిరిగొచ్చాక తనే పట్టీ వేయించి పంపుతానని రెండు రోజుల్లో నాలుగుసార్లు అంది. నాకూ వెళ్ళాలని లేదు. కానీ మిగిలిన ఒక్క మనిషికైనా అది నిజమైతే? ఆ మనిషి మోకాళ్ళ లోతు బురదలో వంగి, ఏమీ తెలియకుండా రోజులు గడిపేస్తుంటే? వద్దనుకున్నా మానలేకపోయాను. ఎస్తేరును కూడా రమ్మన్నాను, మనిషిని గుర్తుపట్టాలి గదా.

కాలవ పక్కన బస్సు

మూడో రోజు పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాం. కంకిపాడు దాటాక ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి. దారి పొడుగునా ఏదో ఒక కాలవ పక్కనే వస్తూ ఉంటుంది, నిండుగా, గట్లు తగిలేంత నీళ్ళతో. మాకు నీళ్ళంటే బోరు మోటారు వేస్తే వచ్చేవి. ఇక్కడ నీళ్ళు ఎవరూ పిలవకుండానే ఇంటి ముందు నుంచి వెళుతుంటాయి. ఆడవాళ్ళు రేవు మెట్ల మీద గిన్నెలు తోముతూ బస్సు వంక చూస్తారు. నాకు అసూయ కలిగింది. ఆ వెంటనే నిద్ర వచ్చింది. కిటికీకి తల కొట్టుకుని లేచాను.

కండక్టరు ఐసు పెట్టెకు లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. ఏముందన్నాడు. ల్యాబు సామాను అన్నాను. అవనిగడ్డ వైపు చాలామంది రొయ్యల ల్యాబుల వాళ్ళు తిరుగుతుంటారు కాబట్టి నన్నూ ఆ ల్యాబు మనిషే అనుకున్నాడు. తన బావమరిది చెరువులో రొయ్య మెత్తబడిపోతోందని, మందేమిటని అడిగాడు. నాకు మనుషుల సంగతే సరిగ్గా తెలియడం లేదు, రొయ్యల సంగతి ఎలా చెప్పేది? నీళ్ళు మార్చమన్నాను. అది విని సంతోషించి టికెట్టు కొట్టడం మరిచిపోయాడు.

ఎస్తేరు దారంతా మాట్లాడలేదు. మామూలుగా ఫోన్లో ఆమెను ఆపడం కష్టం. కొడుకు పాలిటెక్నిక్ గురించి, వాళ్ళ చర్చిలో కొత్త మైకుల గురించి గంటలు చెప్పగలదు. ఆ రోజు సిలువను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. ఒంట్లో బాగోలేదా అంటే బాగానే ఉందండీ అంది.

దివిసీమ నాటుచేలో

చివరి ఊళ్ళకు కాలవ నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, అందుకని అక్కడ నాట్లు ఇంకా సాగుతున్నాయి. గట్టు మీద నడుస్తూ నాట్ల ముఠాను వెతుక్కున్నాం. ఇరవైమంది ఆడవాళ్ళు వరుసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుతున్నారు. గట్టు మీద సద్ది గిన్నెలు. ఒకావిడ మూత తీసి చూపించింది, ఎండురొయ్యలు వేసిన గోంగూర, పక్కన అన్నం ముద్ద. తినేదాకా వదల్లేదు. ఆ మూడు రోజుల్లో అంత రుచిగా నేనేమీ తినలేదు.

కోటేశ్వరమ్మ చేతులు కడుక్కుని గట్టెక్కింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఎస్తేరును చూసి మొహం వికసించింది. అక్కా నువ్వా, ఇంతదూరం ఎట్లా వచ్చావు అంది. నేను ఫారం తీసి, జులై నాలుగో వారంలో సీసా ఇచ్చావు గదా, అప్పుడు ఒంట్లో ఎలా ఉంది అని అడిగాను.

"నేనా? నేను సీసా ఇయ్యలేదండీ. ఆషాఢం మొదట్లో మా అక్కకి ఆపరేషనని ఇటొచ్చేశాను గదా. అప్పట్నించీ మా ఊరి మొహమే చూళ్ళేదు."

మిగతా ఇద్దరిలా ఈమె ముందుగా ఎస్తేరు మొహం చూసుకోలేదు. చెప్పాక చూసింది. చూసి, ఏదో తప్పు మాట అన్నానని గ్రహించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు కోపంతో చెవులు హోరెత్తాయి. ఆ కోపంలోనే పట్టీ వేశాను. పక్కనున్న గడ్డివామి చాటుకు వెళ్ళి ఆమె తెచ్చిచ్చిన చుక్కలు వేసినా గీత పడలేదు. కోటేశ్వరమ్మ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. ఆమె మళ్ళీ చేలోకి దిగింది. ఎస్తేరు గట్టు చివర గొడుగు ముడిచి నిలబడి ఉంది.

లాకుల దగ్గర

బస్సు వచ్చేదాకా కాలవ లాకుల దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. రెండు టీలు చెప్పాను. ఈసారి ఆమె వద్దనలేదు. రెండేళ్ళుగా మీరు అంటూ వచ్చినదాన్ని, కోపం వచ్చేసరికి మా ఊరి మాట బయటికొచ్చేసింది.

"ఎందుకు చేసినవ్ ఎస్తేరూ?"

ఆమె దాచలేదు. ఊరికి ఇరవై సీసాలు పూర్తయితేనే ఆ ఊరు లెక్కలోకి వస్తుంది, పంతొమ్మిదైతే తిరిగిందంతా దండగే. రమణమ్మ ఆ వారం పుట్టింట్లో ఉంది. ధనలక్ష్మి పెళ్ళికి వెళ్ళింది. కోటేశ్వరమ్మ ఇక్కడికి వచ్చేసింది. ఇంట్లో మనిషి లేదని తెలిసేసరికి బండి వచ్చే టైము అయింది. మూడు ఊళ్ళలో, మూడు రోజులు, ఒక్కో సీసా తనే నింపింది. ఆ తర్వాత రమణమ్మకు, ధనలక్ష్మికి విషయం చెప్పి, ఎవరైనా అడిగితే ఇచ్చామనండి అని బతిమాలుకుంది. కోటేశ్వరమ్మ ఫోను కలవక ఆమెకు చెప్పలేకపోయింది.

ఇరవై సీసాల రూలు నాది. ఒకటి రెండు తగ్గినా ఒప్పుకుంటే వర్కర్లు బద్ధకిస్తారని రెండేళ్ళ కిందట నేనే రాసి, నేనే సంతకం పెట్టాను. ఏసీ గదిలో కూర్చుని రాసినప్పుడు అది చాలా తెలివైన రూలుగా అనిపించింది.

అన్నీ చెప్పేసి ఎస్తేరు కాస్త తేలికపడింది. నా కళ్ళలోకి చూసి అడిగింది.

"ఉద్యోగం తీసేస్తే తీసేశారు లెండి, తప్పు చేశాను. ముగ్గురికీ ఏం లేదు గదండీ?"

"ముగ్గురికీ ఏమీ లేదు."

"అమ్మయ్య. ప్రభువు చల్లగా చూశాడు. మూడు రోజుల్నించీ మీరు అన్నిసార్లు పట్టీలు వేస్తుంటే వాళ్ళకేమయ్యిందోనని ఒకటే బెంగండీ. నేను పట్టుబడతానన్న భయం ఒకటి, అదొకటి."

ఆ తర్వాత గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. నేను మాటలు వెతుక్కుంటున్నాను, ఇటువంటి కబురు ఇరవై ఎనిమిదేళ్ళుగా కాగితం మీద రాయడమే తప్ప ఒక్క మనిషికి కూడా ఎదురుగా చెప్పలేదు.

"వాళ్ళవి కావు గదా ఆ సీసాలు," అంది మెల్లగా. "వాటిలో ఏముందని వచ్చారండీ మీరు?"

చెప్పాను. ఏ ప్రోటీను, ఎంత ఎక్కువ, దాని అర్థం ఏమిటి. మూడు వేరు వేరు రోజులు, మూడుసార్లూ ఎక్కువే. నీళ్ళు తాగకుండా ఎండల్లో తిరగడం, రోజుకు రెండు చొప్పున మూడేళ్ళుగా ఆ నొప్పి బిళ్ళలు మింగడం కిడ్నీలను ఎలా దెబ్బతీస్తాయో చెప్పాను. ముందురోజే చెప్పాల్సింది చెప్పకుండా ఒకటి తీసుకుని నేనూ మింగానని కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు. సంచిలోంచి బిళ్ళల అట్ట తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టి, బస్సొస్తోందండీ అని లేచి నా ఐసు పెట్టె తనే ఎత్తుకుంది. నేను లాక్కున్నాను. ఇద్దరం చెరో పక్క పట్టుకుని బస్సెక్కాం.

తిరుగు బస్సు

మరుసటి రోజు పొద్దున్న ఆరింటికి లాడ్జికి వచ్చింది. కొంగు కింద సీసా. ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళకు సిగ్గుపడొద్దని నచ్చజెప్పిందో, ఆ మనిషి తన సీసా నా చేతికివ్వడానికి తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. పేరు ఆమే రాసింది. పట్టీ మీద చుక్క వేసి టేబులు మీద పెట్టి ఇద్దరం మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. పదిహేను నిమిషాలు ఆగనక్కర్లేకపోయింది. అయిదో నిమిషానికే రెండో గీత ముదురుగా పడింది.

విజయవాడలో నాకు తెలిసిన కిడ్నీ డాక్టరుకు ఫోను చేసి ఆ రోజుకే టైము తీసుకున్నాను. హైదరాబాదు టికెట్టు మధ్యాహ్నానికి మార్చుకున్నాను. రక్తపరీక్ష ఇంకా మరీ చెడలేదు. డాక్టరు బిళ్ళలు పూర్తిగా మానమన్నాడు, రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో రాసిచ్చాడు, నెలకోసారి రమ్మన్నాడు. పూర్తిగా కోలుకుంటుందా అని నేను అడిగితే, అవకాశం ఉంది, ఇప్పుడే మాట ఇవ్వలేను అన్నాడు. ఆ జవాబు నేను కాగితాల్లో ఎన్నోసార్లు చదివినదే. ఎదురుగా వింటే ఎంత చిన్నదో అర్థమైంది.

బస్టాండులో ఆమెతో చెప్పాను, జరిగింది జరిగినట్టు రాస్తానని. మూడు సీసాలూ లెక్కలోంచి తీసేయాలని, అందులో నా రూలు గురించి కూడా రాస్తానని, ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నా చేతిలో లేదని. రాయండి అంది, రాయకపోతే మీ పరీక్షలన్నీ తప్పవుతాయి గదండీ అంది. కొత్త నీళ్ళ సీసా కొనిచ్చాను. మూత తీసి సగం తాగి, బస్టాండు మరుగుదొడ్డి ఎటుందో తల తిప్పి చూసుకుంది. బస్సు స్టార్టయ్యాక కిటికీ దగ్గరకు వచ్చింది.

"మేడం గారూ, ఒకటడుగుతాను. మీరు పరీక్ష చేసే వాళ్ళ జాబితాలో మా ఫీల్డు వర్కర్లు ఉన్నారాండీ?"

లేరు. ఊళ్ళవాళ్ళే ఉన్నారు. సీసాలు పట్టుకుని ఆ ఊళ్ళన్నీ తిరిగేవాళ్ళ పేర్లు అందులో రాయాలని రెండేళ్ళలో మాకెవరికీ తట్టలేదు.

"అయితే నేను తప్పు చెయ్యకుండా ఆ మూడు సీసాలూ ఖాళీగా పంపించుంటే, నాకు ఇట్లా ఉందని తెలిసేదాండీ?"

"తెలిసేది కాదు," అన్నాను.